నాన్నగారికి ఒళ్ళంతా నీటి బొబ్బలు, బులస్ పెంఫిగాయిడ్ అంటున్నారు, తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్

తెనాలి_తమ్ముడు

అందరికీ నమస్కారం, కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి. మా నాన్నగారికి 76. షుగర్ ఎప్పట్నుంచో ఉంది, రెండేళ్ళ కింద పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి పట్టు తగ్గింది, కర్ర పట్టుకుని నడుస్తారు. సంక్రాంతి అయిన దగ్గర్నుంచి ఒకటే దురద అండీ, రాత్రిళ్ళు నిద్ర లేదు, లేచి కూర్చుని దువ్వెనతో వీపు గోక్కోడమే. ఊళ్ళో చూపిస్తే గజ్జి అన్నారు, పూత మందు ఇచ్చారు, ఇంటిల్లిపాదీ మెడ నుంచి కాళ్ళ దాకా రాసుకున్నాం, దుప్పట్లు వేణ్ణీళ్ళలో ఉతికాం, ఫలితం సున్నా. తర్వాత ఎర్రగా దద్దుర్లు లేచాయి, ఎలర్జీ అని సిట్రిజిన్ వేశారు, వేసుకుంటే మత్తు తప్ప దురద తగ్గింది లేదు.

ఇప్పుడు తొడల లోపలి వైపు, పొత్తికడుపు మీద, మోచేతి మడతల్లో నీటి బొబ్బలు. కొన్ని నిమ్మకాయంత ఉన్నాయి, బిగుసుకుని ఉన్నాయి, మంచం పట్టెకి తగిలినా వెంటనే పగలట్లేదు. నోట్లో ఏం లేవు. గుంటూరులో స్కిన్ డాక్టర్ గారు చూడగానే బులస్ పెంఫిగాయిడ్ లాగుంది, రెండు ముక్కలు బయాప్సీ తియ్యాలి, రిపోర్టు వచ్చాక మందు గట్టిగా మొదలుపెడదాం అన్నారు. ఇంట్లో మా పెద్దమ్మ అమ్మవారు పోసింది అని వేపమండలు తెచ్చి మంచం మీద పరిచింది, మా మేనమామ పసరు పోసేవాళ్ళ దగ్గరికి పోదాం అని కూర్చున్నాడు.

నా డౌట్లు ఏంటంటే ఇది అంటుకుంటుందా, ఇంట్లో చిన్నపిల్లలున్నారు. రెండు ముక్కలు ఎందుకు, ఒకటి చాలదా. స్టెరాయిడ్ ఇస్తే షుగర్ ఏమైపోతుంది, ఇప్పటికే తిన్నాక 250 దాటుతోంది.

ఓరుగల్లు_పోరడు

అన్నా ముందుగాల పరేషాన్ గాకు. ఇది అంటుకునే రోగం కానే కాదు. మా నాయినమ్మకు అయింది, నేనే పక్కపొంటి పండుకున్న, నేనే బట్టలు మార్చిన, ఎవ్వరికీ ఏం గాలే. పిల్లలను దగ్గరికి రానియ్యకపోతే ముసలోళ్ళు ఇంకింత కుంగిపోతరు, ఆ పని మాత్రం చెయ్యకుర్రి. మా వాడకట్టుల ఒకామె మా నాయినమ్మ గ్లాసు వేరే పెట్టింది, ఆమె గదే తల్సుకొని ఏడ్చేది బొబ్బల నొప్పికి గాదు.

స్కిన్‌వార్డు_సిస్టర్

బాబూ, నేను గవర్నమెంటు ఆస్పత్రి స్కిన్ వార్డులో చాలా ఏళ్ళు చేసి రిటైరయ్యాను. డాక్టర్ని కాను, చూసింది చెప్తాను, మందు మాత్రం మీ డాక్టరు చెప్పిందే.

రెండు ముక్కలు ఎందుకంటే, ఒకటి కొత్తగా లేచిన చిన్న బొబ్బ అంచు దగ్గర తీస్తారు, ఫార్మలిన్ సీసాలో వేస్తారు, అది మామూలు మైక్రోస్కోపు కింద బొబ్బ ఏ పొరలో విడిపోయిందో చూడటానికి. రెండోది బొబ్బ మీద కాదు, దాని పక్కన బాగున్నట్టు కనపడే చర్మం నుంచి తీస్తారు. అది ఇమ్యునోఫ్లోరసెన్స్ పరీక్షకి, డీఐఎఫ్ అని రాస్తారు చీటీ మీద. ఈ రెండో ముక్క ఫార్మలిన్‌లో పడిందా, ఇక పనికిరాదు, మళ్ళీ తియ్యాల్సిందే. దానికి మైకెల్స్ మీడియం అని వేరే ద్రావణం ఉంటుంది, లేదా ల్యాబు దగ్గర్లో ఉండి వెంటనే పంపగలిగితే సెలైన్‌లో పంపుతారు. చిన్న ఊళ్ళలో ఈ పొరపాటు జరుగుతూ ఉంటుంది, అందుకని సీసాల మీద లేబుల్ చూసుకోండి, మొహమాటపడకుండా అడగండి.

అసలు సంగతి ఏంటంటే చర్మం పై పొర కింది పొరకి అతుక్కుని ఉండటానికి మధ్యలో కొన్ని ప్రోటీన్లు ఉంటాయి, బీపీ 180, బీపీ 230 అంటారు, రక్తపోటు బీపీ కాదు ఇది. రోగాల మీద పోరాడాల్సిన యాంటీబాడీలు ఈ మనిషిలో దారి తప్పి వీటినే పట్టుకుంటాయి, అక్కడికి ఇసినోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు వచ్చి చేరతాయి, అతుకు ఊడిపోతుంది, ఆ సందులోకి నీరు దిగుతుంది. పై పొర మొత్తం కప్పులా ఉంటుంది కాబట్టి బొబ్బ బిగుతుగా ఉండి తొందరగా పగలదు. డీఐఎఫ్‌లో ఆ రెండు పొరల మధ్య ఐజీజీ అనే యాంటీబాడీ, సీ3 అనే రక్తంలోని ప్రోటీను ఒక సన్నటి ఆకుపచ్చ గీతలా మెరుస్తాయి. గీత కనపడితే పెంఫిగాయిడ్ వైపు బలంగా వెళ్తారు. రక్తంలో ఈ యాంటీబాడీలు ఎంత ఉన్నాయో చూసే ఎలైజా పరీక్ష కూడా చేస్తారు, దొరికే చోట.

బొబ్బలు రాకముందు నెలల తరబడి ఉత్త దురదే ఉండటం ఈ జబ్బులో మామూలే. అందుకే గజ్జి, ఎలర్జీ, చెమటకాయ అని తిరిగి తిరిగి వస్తారు. 70 దాటినవాళ్ళకి రాత్రి నిద్ర పట్టనంత దురద ఉండి ఇంట్లో ఇంకెవరికీ లేకపోతే ఒక్కసారి దీని గురించి ఆలోచించాలి.

పల్లెటూరి_వైద్యం

అందరూ ఇంగ్లీషు మందులేనా. ఇది ఒంట్లో వేడి, రక్తం చెడటం. వంకాయ, గోంగూర, చేపలు, కోడిగుడ్డు మానేసి కఠిన పథ్యం చేయించండి, ఆకు పసరు పట్టిస్తే బొబ్బ ఆరిపోతుంది. మా తాతల కాలం నుంచి చేస్తున్నదే.

స్కిన్‌వార్డు_సిస్టర్

పల్లెటూరి గారూ, కోపం తెచ్చుకోకండి. పైచర్మం ఊడిపోయిన పచ్చి పుండు మీద ఆకు నూరి పట్టిస్తే మట్టి, క్రిములు అన్నీ లోపలికి పోతాయి. ఈ జబ్బుతో వచ్చిన పెద్దవాళ్ళని పోగొట్టుకుంది చాలావరకు బొబ్బల వల్ల కాదు, వాటిలో చేరిన ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకడం వల్ల, లేకపోతే న్యుమోనియా వల్ల. పసుపు, బొగ్గు, కొబ్బరి పీచు కాల్చిన బూడిద, అన్నీ పట్టించుకుని వచ్చినవాళ్ళని చూశాను, అవి కడగటానికే గంట పట్టేది, పేషెంటు అరుపులు వినలేకపోయేవాళ్ళం.

పథ్యం మాట ఇంకా చెడ్డది. బొబ్బల్లోంచి కారే నీళ్ళలో ప్రోటీను పోతుంది. అలాంటి మనిషికి గుడ్డు, చేప, పప్పు మాన్పిస్తే పుండు మానేదెట్లా? గోంగూర తింటే బొబ్బలు రావు బాబూ, తిననివ్వండి.

వేపమండలు మాత్రం తీసెయ్యండి, ఈనెలు గీరుకుంటాయి. అమ్మవారు అయితే జ్వరం ఉంటుంది, చిన్న పొక్కులు ముఖం, ఛాతీ మీద మొదలై వారం పది రోజుల్లో మాడిపోతాయి, నెలల తరబడి సాగదు. మంచం మీద ఆకు పరచాలనుకుంటే లేత అరటాకు పరచండి, అది పనికొచ్చేదే. మా వార్డులో బెడ్‌షీటు మీద అరటాకులు కడిగి తుడిచి పరిచేవాళ్ళం, పుండుకి అంటుకోదు, చల్లగా ఉంటుంది, గుడ్డ అయితే అంటుకుని లాగితే చర్మంతో సహా వస్తుంది.

మందులషాపు_అన్న

బ్రదర్, నాన్నగారు షుగర్‌కి ఏం వాడుతున్నారో స్ట్రిప్ చూసి పేరు చెప్పండి. చివర్లో గ్లిప్టిన్ అని ఉందా?

తెనాలి_తమ్ముడు

ఉంది అన్నా. విల్డాగ్లిప్టిన్ 50, మెట్‌ఫార్మిన్ 500 కలిపింది, పొద్దున ఒకటి రాత్రి ఒకటి. దగ్గర దగ్గర ఏడాదిన్నర నుంచి. దానికీ దీనికీ ఏంటి సంబంధం?

మందులషాపు_అన్న

సంబంధం ఉంది. గ్లిప్టిన్లు అంటే డీపీపీ-4 అనే ఎంజైముని ఆపే మాత్రలు. వీటిని వాడేవాళ్ళలో పెంఫిగాయిడ్ వచ్చే అవకాశం కొంచెం పెరుగుతుందని చాలా దేశాల్లో లెక్కలు తేలాయి, అందులో విల్డాగ్లిప్టిన్ పేరే ముందు వస్తుంది, లినాగ్లిప్టిన్ కూడా. మాత్ర వేసుకున్న వారంలో రాదు, నెలలు, ఒక్కోసారి ఏడాది పైన పట్టుద్ది, అందుకే ఎవరికీ అనుమానం రాదు. మన దగ్గర 2019 డిసెంబర్లో విల్డాగ్లిప్టిన్ పేటెంటు అయిపోయింది, ఒక్కసారిగా డజన్ల కంపెనీలు దిగాయి, రేటు పడిపోయింది, అప్పట్నుంచి నా కౌంటరు మీదకి వచ్చే షుగర్ చీటీల్లో ఇది లేని చీటీ తక్కువ. కోట్లమంది వేసుకుంటున్నారు, అందులో ఈ జబ్బు వచ్చేది బహు కొద్దిమందికే, కాబట్టి చదివేవాళ్ళు భయపడి మాత్ర పారెయ్యకండి. మీ నాన్నగారిది వేరే, బొబ్బలు వచ్చేశాయి. మీరంతట మీరు ఆపొద్దు, స్కిన్ డాక్టరుకి, షుగర్ డాక్టరుకి ఇద్దరికీ ఆ స్ట్రిప్ చూపించండి. ఒకరు రాసింది ఇంకొకరికి తెలీదు, మధ్యలో చెప్పాల్సింది మనమే.

ఒంట్లో నీరు తగ్గడానికి వాడే ఫ్యూరోసెమైడ్, స్పిరోనోలాక్టోన్ లాంటివి ఉంటే అవీ చూపించండి, వాటి మీదా అనుమానం ఉంది.

స్కిన్‌వార్డు_సిస్టర్

మంచి మాట చెప్పారు అన్నగారూ. పక్షవాతం సంగతి కూడా డాక్టరుకి చెప్పు బాబూ. పక్షవాతం, పార్కిన్సన్స్, మతిమరుపు జబ్బు ఉన్న పెద్దవాళ్ళలో ఇది ఎక్కువ కనపడుతుంది. ఆ బీపీ ప్రోటీన్ల లాంటివే మెదడులోనూ ఉంటాయని మా సార్లు చెప్పేవాళ్ళు.

వైజాగ్_కుర్రోడు

నాది పెంఫిగస్ అండి, పెంఫిగాయిడ్ కాదు, రెండూ కలిపీస్తారు జనం, డాక్టర్లు కూడా 1953లో లీవర్ అనే ఆయన మైక్రోస్కోపులో విడదీసి చూపించేదాకా కలిపీసేవారంట. నాకు 38లో మొదలైంది. ముందు నోట్లో పుళ్ళు, నెలలు నెలలు, బీకాంప్లెక్స్ వేసుకోమనీవారు, పళ్ళ డాక్టరు దగ్గరికెళ్ళా, పేస్టు మార్చా, ఉప్పు నీళ్ళు పుక్కిలించా, ఇడ్లీ తినాలన్నా మంటే. తర్వాత తల్లో, వీపు మీద బొబ్బలు, చెయ్యి తగిలితే చాలు చితికిపోయీవి, చొక్కా తడిసిపోయీది. నా జబ్బులో పై పొరలోనే కణానికి కణానికి మధ్య అతుకు, డెస్మోగ్లీన్ అంటారు, అది పోద్ది, కప్పు పల్చన కదా అందుకే ఆగదు. మన దేశంలో పెంఫిగాయిడ్ కన్నా నా రకమే ఎక్కువంట, అదీ చిన్న వయసులో.

పాతకాలంలో దీనికి మందు లేదు, చచ్చిపోయీవారు. ఢిల్లీ ఎయిమ్స్‌లో పస్రిచా గారు 80ల్లో డీసీపీ పల్స్ మొదలెట్టారు, నెలకోసారి మూడు రోజులు వరసగా డెక్సామెథసోన్ 100 మిల్లీగ్రాములు సెలైన్లో, అందులో ఒక రోజు సైక్లోఫాస్ఫమైడ్ 500. నాకూ అదే కొన్నాళ్ళు ఎక్కించారు, తర్వాత రిటుక్సిమాబ్ ఇచ్చారు, ఒక గ్రాము, మళ్ళీ రెండు వారాలకి ఇంకో గ్రాము. అమెరికాలో 2018లో దీన్ని పెంఫిగస్‌కి ఒప్పుకున్నారు. ఇప్పుడు ఆవకాయ తింటన్నా. మీ నాన్నగారికి నోట్లో లేవన్నారు, బొబ్బ బిగుతుగా ఉందన్నారు, వయసు 76, అన్నీ పెంఫిగాయిడ్ వైపే ఉన్నాయి, అయినా బయాప్సీ రానివ్వండి, చూసి చెప్పీకూడదు.

డల్లాస్_కోడలు

మా అత్తగారికి ఇక్కడికి వచ్చాకే వచ్చిందండీ, 81 ఆవిడకి. నేను స్టెరాయిడ్ మాత్రల గురించి భయపడి చాలా చదివాను, ఒక్క విషయం మీకు ఉపయోగపడుతుంది. ఫ్రాన్సులో జోలీ అనే డాక్టరు బృందం 2002లో ఒక పెద్ద స్టడీ వేశారు, ఒళ్ళంతా బొబ్బలున్నవాళ్ళని రెండు గుంపులు చేసి ఒకళ్ళకి ప్రెడ్నిసోన్ అనే స్టెరాయిడ్ మాత్రలు, ఒకళ్ళకి క్లోబెటసాల్ అనే స్టెరాయిడ్ క్రీము రోజుకి 40 గ్రాములు ఒళ్ళంతా రాయడం. ఏడాదికి మాత్రల గుంపులో 58 శాతం బతికి ఉంటే క్రీము గుంపులో 76 శాతం ఉన్నారు. ఆ రోజుల్లో మాత్ర డోసు ఎక్కువ ఇచ్చారు, కేజీకి ఒక మిల్లీగ్రాము, ఇప్పుడు సగమే ఇస్తారు. అయినా పెద్దవాళ్ళకి పైపూతే మేలు అని అప్పట్నుంచి గట్టిగా చెప్తున్నారు. 2017లో ఇంగ్లండు వాళ్ళది ఇంకోటి వచ్చింది, డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ రోజుకి 200 మిల్లీగ్రాములు ఇచ్చి చూశారు. ఆరు వారాలకి బొబ్బలు అదుపులోకి రావడం ప్రెడ్నిసొలోన్ స్టెరాయిడ్ మాత్రలతో 91 శాతం, డాక్సీతో 74 శాతం, కానీ తీవ్రమైన సైడ్ ఎఫెక్ట్స్ డాక్సీలో సగమే. అంటే కొంచెం నెమ్మది, కానీ మనిషి మీద భారం తక్కువ.

ఇక్కడ 2025 జూన్‌లో డుపిలుమాబ్ ఇంజెక్షన్‌ని ఈ జబ్బుకి ఎఫ్‌డీఏ, అంటే ఇక్కడ మందులకి అనుమతిచ్చే ప్రభుత్వ సంస్థ, ఒప్పుకుంది. మా అత్తగారికి అదే రాశారు, ఇన్సూరెన్స్ వాడితో ఫోన్లలో నా జుట్టు ఊడింది, ఆ రేటు చెప్తే మీరు నవ్వుతారు. దాని కోసం ఇండియాలో ఎవరూ ఆస్తులు అమ్ముకోకండి, ముందు క్రీము, డాక్సీ సరిగ్గా వాడి చూడండి, చాలామందికి సరిపోతుంది.

సీమ_బిడ్డ

అక్కా అన్నా మధ్యలో అడుగుతాండా ఏమనుకోవద్దండి. మా చెల్లెలికి ఏడో నెల, తొలిచూలు. బొడ్డు చుట్టూ ఎర్రగా దద్దుర్లు లేచి ఇప్పుడు నీళ్ళ బొబ్బలు అయితాండాయి, దురద చెప్పలేకుండా ఉంది. మా ఊరి నర్సమ్మ కడుపుతో ఉన్నప్పుడు చర్మం సాగి దురద మామూలే అంటాంది. ఇదీ అదేనా?

స్కిన్‌వార్డు_సిస్టర్

అమ్మా, కడుపు సాగి దురద రావడం నిజమే, చారల మీద దద్దుర్లు కూడా వస్తాయి, కానీ అవి సాధారణంగా బొడ్డుని వదిలేస్తాయి. బొడ్డు దగ్గరే మొదలై బొబ్బలు అయ్యాయి అంటే గర్భిణుల్లో వచ్చే పెంఫిగాయిడ్ ఉందేమో చూడాలి, రేపే స్కిన్ డాక్టరుకీ గైనిక్‌కీ ఇద్దరికీ చూపించండి. పాత కాగితాల్లో దీన్ని హెర్పిస్ అని రాసేవాళ్ళు, కంగారు పడొద్దు, వైరస్ కాదు. బిడ్డ బరువు తక్కువ ఉండొచ్చు, నెలలు నిండకముందే కాన్పు రావొచ్చు, అందుకే స్కానింగులు దగ్గర దగ్గరగా చేస్తారు. తల్లి యాంటీబాడీలు కొన్ని బిడ్డకి పోయి పదిమందిలో ఒకరికి పుట్టగానే చిన్న బొబ్బలు రావొచ్చు, వాటంతట అవే పోతాయి. కాన్పు అవగానే తల్లికి ఒకసారి ఎక్కువ అవుతుంది, అది ముందే తెలిసి ఉంటే హడలిపోరు. పూత మందు, అవసరమైతే ప్రెడ్నిసొలోన్ డాక్టరు చూసుకుంటూ ఇస్తారు. మళ్ళీ కాన్పుకి చాలామందికి తిరిగి వస్తుందని గుర్తుపెట్టుకుని అప్పటి డాక్టరుకి మొదట్లోనే చెప్పండి.

ఓరుగల్లు_పోరడు

సిస్టరమ్మా ఒక్కటి. మా నాయినమ్మకు ఇప్పుడు బొబ్బలు లెవ్వు గని కండ్లు ఎర్రగైతున్నయ్, ఇసుక పడ్డట్టు అంటుంది, నోట్ల చిగుర్లు ఊడుతున్నయ్ పొట్టు లెక్క. సంబంధం ఉందా?

స్కిన్‌వార్డు_సిస్టర్

ఉండొచ్చు నాయనా, ఆలస్యం చెయ్యొద్దు. ఇదే కుటుంబంలో మ్యూకస్ మెంబ్రేన్ పెంఫిగాయిడ్ అని ఇంకోటి ఉంది, చర్మం మీద తక్కువ, నోరు, కళ్ళు, గొంతు మీద ఎక్కువ. కళ్ళలో మచ్చకట్టి రెప్ప కంటికి అతుక్కుపోతుంది, అలా పోయిన చూపు తిరిగి రాదు. మామూలు కండ్లకలక చుక్కలు వేసుకుంటూ కూర్చోకండి. కార్నియా చూసే డాక్టరుకి చూపించండి, ఈ బొబ్బల సంగతి, పాత రిపోర్టు పట్టుకెళ్ళండి. దీనికి డాప్సోన్ అనే మాత్ర ఇచ్చే పక్షంలో ముందు రక్తంలో జీ6పీడీ అనే ఎంజైము పరీక్ష చేయిస్తారు, అది చెయ్యకుండా వేసుకోవద్దు, అది తక్కువున్నవాళ్ళకి ఎర్ర రక్తకణాలు విరిగిపోతాయి.

తెనాలి_తమ్ముడు

అందరికీ చాలా థాంక్స్ అండీ. రిపోర్టు వచ్చింది. డీఐఎఫ్‌లో ఐజీజీ, సీ3 గీత ఉందని రాశారు, బులస్ పెంఫిగాయిడే. మందులషాపు అన్న చెప్పినట్టు స్ట్రిప్ ఇద్దరు డాక్టర్లకీ చూపించాను, గ్లిప్టిన్ మాత్ర ఆపేసి ఇన్సులిన్ పెట్టారు, మెట్‌ఫార్మిన్ విడిగా ఉంచారు. స్టెరాయిడ్ మాత్ర ఇప్పటికి వద్దన్నారు, డాక్సీసైక్లిన్, ఒళ్ళంతా క్లోబెటసాల్ రాశారు. ఛాతీ ఎక్స్‌రే తీశారు, నులిపురుగుల మాత్ర కూడా వేశారు, రేపు స్టెరాయిడ్ మాత్ర ఇవ్వాల్సి వస్తే అడ్డం రాకూడదని.

ఇప్పుడు అసలు యుద్ధం రాయడం. 30 గ్రాముల ట్యూబు గిన్నెలోకి మొత్తం పిండి, గ్లౌజు వేసుకుని మెడ కింద నుంచి పాదాల దాకా, బొబ్బ ఉన్నచోటే కాదు బాగున్న చోట కూడా. ముఖం వదిలేస్తున్నాం. నాన్నగారు మొదటిరోజు అమ్మ చేత తప్ప రాయించుకోను అన్నారు, అమ్మ మోకాళ్ళు వంగవు, చివరికి నేనే. వీపు రాసేటప్పుడు "అక్కడ కాదురా, కిందకి, ఆఁ అక్కడ" అని ఒకటే డైరెక్షన్. మడతల దగ్గర జిడ్డు ఎక్కువైతే తిడతారు. కొత్త బొబ్బలు తగ్గాయి, దురద బాగా తగ్గింది, రాత్రి నిద్రపోతున్నారు. ఒక డౌటు, ఉన్న పెద్ద బొబ్బలు గిల్లెయ్యాలా ఉంచాలా? మందు ఎప్పుడు ఆపొచ్చు?

స్కిన్‌వార్డు_సిస్టర్

సంతోషం బాబూ. పెద్దవి, నడిస్తే నొప్పి పెట్టేవి ఉంటే కొత్త స్టెరైల్ సూదితో కింది వైపు ఒక చిన్న పోటు పొడిచి మెల్లగా దూదితో అద్ది నీరు తియ్యాలి, పై తోలు మాత్రం ఊడపీకొద్దు, అదే డ్రెస్సింగు. చిన్నవి ముట్టుకోవద్దు. పచ్చిగా ఉన్నచోట పొటాషియం పర్మాంగనేట్ లేత గులాబీ రంగు నీళ్ళతో కడగండి, ముదురు రంగు అయితే చర్మం కాలుతుంది, గింజలు పూర్తిగా కరిగాయో లేదో చూసుకోండి. ఒక నోటు పుస్తకం పెట్టుకుని రోజూ కొత్తగా లేచిన బొబ్బలు ఎన్నో రాయండి, డాక్టరు మందు పెంచాలా తగ్గించాలా అన్నది ఆ లెక్క మీదే చూస్తారు, మీ నోటిమాట "తగ్గింది సార్" మీద కాదు. జ్వరం, పుండు వాసన, చీము, మనిషి మగతగా ఉండటం, వీటిలో ఏది కనపడినా అపాయింట్‌మెంటు కోసం ఆగొద్దు.

ఆపడం గురించి ఇప్పుడే అడక్కు. కొత్త బొబ్బలు ఆగాక వారాలు చూసి, రోజు విడిచి రోజు, తర్వాత వారానికి రెండుసార్లు, అలా నెలల మీద తగ్గిస్తారు. తగ్గిందని మనం ఆపేస్తే మళ్ళీ లేస్తుంది.

తెనాలి_తమ్ముడు

అలాగే సిస్టర్ గారూ. మందులషాపు అన్నా, నెలకి ట్యూబులు చాలా అవుతున్నాయి, వేరే కంపెనీది చవకగా ఉందని ఇక్కడ షాపులో ఇస్తామంటున్నారు, తీసుకోవచ్చా? ఆరోగ్యశ్రీలో ఏమన్నా వస్తుందా?

మందులషాపు_అన్న

ఆరోగ్యశ్రీకి కార్డు పట్టుకుని ఆస్పత్రి కౌంటర్లో ఆరోగ్యమిత్రని అడుగు, అడ్మిట్ అయితే ఒక లెక్క, ఓపీలో మందులు ఒక లెక్క. పెద్దాసుపత్రి స్కిన్ ఓపీలో కొన్ని మందులు ఊరికే ఇస్తారు, అక్కడా ఒక చీటీ రాయించుకుని ఉంచుకో. కంపెనీ మారితే ఇబ్బంది లేదు, ట్యూబు మీద క్లోబెటసాల్ ప్రొపియోనేట్ 0.05 శాతం అని ఒక్కటే ఉండాలి. ఇదే రంగు డబ్బాలో జెంటామైసిన్, మైకోనజోల్ కలిపినవి ఎక్కువ అమ్ముడుపోతాయి, తామరకి వాడేస్తుంటారు జనం, అదే చేతికి ఇస్తాడు చూసుకో, ఒళ్ళంతా రాయడానికి అవి వద్దు. 15 గ్రాములవి కాకుండా 30వి డబ్బాగా తీసుకో, బేరమాడితే తగ్గిస్తాడు.